ధవళేశ్వరంలో ఒక పూట

రైలులో గోదావరి వంతెన దాటిపోయేవారిలో రాజమహేంద్రవరంలో దిగేవారు కొందరే. దిగినా, సుమారు 8 కిలోమీటర్లు దిగువన ఉన్న ధవళేశ్వరం దాకా వెళ్లి కాటన్ మ్యూజియం చూచేవారు ఇంకా తక్కువ. నేను వెళ్లినది ఒక ఇంటిమాట మనసులో పెట్టుకొని. మా పూర్వుడొకడు ఆనకట్ట రాతిపనికి వచ్చి ఈ సీమలోనే నిలిచిపోయినాడని మా నాయనమ్మ చెప్పేది.

ఆ పని 1847లో మొదలై 1852లో ముగిసినది. 1832-33 నాటి నందన కరువును చూచినవారు అప్పటికింకా బ్రతికే ఉన్నారు. మ్యూజియంలో చిత్రపటాలు, నమూనాలు, పాత పనిముట్లు ఉన్నవి. నన్ను ఎక్కువసేపు నిలిపినది మాత్రం పునాది సంగతి. ఇక్కడ నదీగర్భమంతా ఇసుక. ఇసుకలో పునాది నిలిపే ఉపాయం కావేరి మీది కల్లణైని కట్టిన ప్రాచీనుల నుండి నేర్చుకొన్నదేనని సర్ ఆర్థర్ కాటన్ స్వయంగా ఒప్పుకొన్నాడు. రాళ్లు వేయడం, అవి కుంగిన కొద్దీ మరల వేయడం, ఇంతే. వ్రాయడానికి ఒక వాక్యం. మోసేవానికి ఎన్ని వేసవులో! బొంబాయి, ఠాణాల మధ్య 1853లో ప్రయాణికుల రైలు నడవకమునుపే, ధవళేశ్వరం కొండరాతిని నదికి చేర్చడానికి ఇక్కడ పట్టాలు పరచినారు.

గోదావరి ఊళ్లలో గుర్రమెక్కిన కాటన్ విగ్రహాలకు కొదువ లేదు. స్నానసంకల్పంలో ఆయన పేరు చెప్పే పురోహితులూ ఉన్నారు. అది ఉచితమే. కాని కూలీలను సమకూర్చి, ఆయన పక్కనే నిలిచి పని నడిపిన వీణెం వీరన్నగారి పేరు ఎంతమందికి తెలుసు? ఆయనకు రాయ్ బహదూర్ బిరుదైనా దక్కినది. మా పూర్వునివంటి వారికి అదీ లేదు. కూలీల పేర్లు గోడమీద ఉండవని తెలిసీ, ప్రతి పటం క్రిందా చదువుతూనే పోయినాను.

బయటికి వచ్చి ఏటిగట్టు తోటలో కూర్చున్నాను. ఎదుట ఉన్నది ఆ పాత కట్టడం కాదు. దాని స్థానంలో 1970లలో మొదలై 1980ల తొలినాళ్లలో పూర్తి అయిన బ్యారేజీ. నాలుగు భాగాలు, 175 తలుపులు, సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు. 1986 ఆగస్టు వరదలో దీనిమీదుగా 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయినది. ఆనాడు లంకలవారు పడిన పాట్లు వేరే కథ.

ప్రక్క బల్లమీద ఒక పిల్లవాడు తలుపులు లెక్కపెడుతున్నాడు. నలభై దాటగానే తప్పినది. తాతగారు నవ్వి, "మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టు నాయనా," అన్నారు.