నాలుగు రోజుల ఇల్లయినా అమానతే

వేసవి సెలవులో దసరా సెలవులో వస్తే చాలు, జిల్లాల్లోని మన కుటుంబాలు హైదరాబాదు ప్రయాణం కడతాయి. పిల్లలకు చార్మినార్ చూపించాలి, గోల్కొండ ఎక్కించాలి, పెళ్ళి బట్టలు కొనాలి, ఉద్యోగం చేసుకుంటున్న అబ్బాయిని చూసి రావాలి. ఒకప్పుడు ఈ ప్రయాణాలు పాతబస్తీలోని బంధువుల ఇంటికో, నాంపల్లి దగ్గరి లాడ్జీకో చేరేవి. ఇప్పుడు వాటిలో చాలా భాగం కూకట్‌పల్లి వైపు మళ్ళాయి. కారణం తెలిసిందే. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఉద్యోగాలు ఆ దిక్కుకు నడిచాయి. ఉద్యోగాల వెంట మన పిల్లలు నడిచారు. హౌసింగ్ బోర్డు కాలనీ చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. వాటిలో కొన్ని ఫ్లాట్లను రోజుల లెక్కన కుటుంబాలకు అద్దెకిస్తున్నారు. వంటగది, పడక గదులు, మంచాలు, పాత్రలు అన్నీ అందులోనే ఉంటాయి.

ఇలాంటి ఇల్లు ఎంచుకునేటప్పుడు మనవాళ్ళు సాధారణంగా రెండే ప్రశ్నలు వేస్తారు. రోజుకు ఎంత? ఏ.సి. ఉందా? ఈ రెండు ప్రశ్నలూ అవసరమైనవే. కానీ అవి చాలవని మా అభిప్రాయం. ఆ నాలుగు రోజుల ఇల్లు మన చేతిలో ఒక అమానతు. అందులో మన కుటుంబానికి హక్కు ఉంది, యజమానికి హక్కు ఉంది, పక్క ఫ్లాటువారికి హక్కు ఉంది. ఈ మూడు హక్కులూ నిలిచే ఇల్లే మంచి ఇల్లు.

బంధుత్వం తెగుతుందా?

ముందుగా ఒక అభ్యంతరానికి సమాధానం చెప్పుకోవాలి. "సొంత ఆపా ఇల్లు ఉండగా అద్దె ఇల్లా? నలుగురూ ఏమనుకుంటారు?" అని పెద్దలు బాధపడుతుంటారు. బంధుత్వాన్ని కలుపుకోమని ఇస్లాం గట్టిగా ఆదేశించిన మాట నిజమే. అయితే అదే ఇస్లాం అతిథికీ ఒక హద్దు గీసింది. ఆతిథ్యం మూడు రోజులని, ఆపైన పెట్టేది దానమని, ఇంటివారిని ఇబ్బందిపెట్టేంత కాలం తిష్ఠ వేయడం అతిథికి తగదని దైవప్రవక్త (స) బోధించారు. అతిథిని గౌరవించమన్న హదీసు మనకు కంఠతా వస్తుంది. అతిథి బాధ్యతను చెప్పిన ఈ భాగం మాత్రం ఎందుకో గుర్తుండదు.

కూకట్‌పల్లిలోని సగటు కుటుంబాన్ని ఒక్కసారి ఊహించండి. రెండు గదుల ఫ్లాటు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఒకరిది పగటి డ్యూటీ, మరొకరిది రాత్రి డ్యూటీ. బాబుకు పరీక్షలు. ముసలి అత్తగారికి ఒక గది. అందులోకి ఆరుగురు బంధువులు పది రోజులకు దిగితే ఆ ఇంటి కోడలి పరిస్థితి ఏమిటి? ఆమె నోరు తెరిచి ఏమీ అనదు. అనకపోవడాన్నే మనం సంతోషం అనుకుంటాం. మొహమాటం వేరు, సంతోషం వేరు.

దైవప్రవక్త (స) మదీనాకు వలస వచ్చినప్పుడు హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట బస చేశారు. వచ్చిపోయేవారికి వీలుగా ఉంటుందని కింది భాగాన్నే కోరుకున్నారు. ప్రవక్త (స) కింద ఉండగా తాము పైన ఉండడమా అని అబూ అయ్యూబ్ (రజి) దంపతులు ఎంతో మథనపడ్డారు. ఒక రాత్రి నీళ్ళకుండ పగిలితే, చుక్క కిందికి కారకుండా తమకున్న ఒక్క దుప్పటితోనే తుడిచారు. చివరికి ఆయన మనోవేదన గ్రహించి ప్రవక్త (స) పై భాగానికి మారారు. ఆతిథ్యంలో ఇరువైపులా ఉండవలసిన సున్నితం ఇది. మస్జిద్ నిర్మాణానికి ఎంచుకున్న స్థలం ఇద్దరు అనాథ బాలురది. దాన్ని ఉచితంగా ఇస్తామన్నా ఆయన ఒప్పుకోక వెల కట్టి తీసుకున్నారు. ఎక్కడ ఆతిథ్యం స్వీకరించాలో, ఎక్కడ వెల చెల్లించాలో ఈ రెండు సంఘటనలు మనకు నేర్పుతున్నాయి.

కాబట్టి దగ్గరలో ఇల్లు అద్దెకు తీసుకుని, బంధువుల ఇంటికి ఒక పూట భోజనానికి వెళ్ళి, పిల్లల చేతికి పండో మిఠాయో ఇచ్చి, నవ్వుతూ తిరిగి రావడం బంధుత్వాన్ని తెంచుకోవడం కాదు, కాపాడుకోవడం. ఆ సంగతి ప్రయాణానికి ముందే ఫోన్‌లో ప్రేమగా చెప్పాలి. ఊళ్ళో దిగాక మూడో మనిషి ద్వారా తెలిస్తే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది. ఒంటరిగా ఉన్న పిన్నమ్మ "నా దగ్గరే ఉండండి" అని మనసారా కోరితే అక్కడే ఉండాలి. అప్పుడు అద్దె ఇల్లు గొప్ప కోసం చేసే దుబారా అవుతుంది.

సరాయి నుంచి అపార్టుమెంటు దాకా

బాటసారి బస మనకు కొత్తది కాదు. అన్‌నూర్ సూరాలో అల్లాహ్ ఇతరుల ఇళ్ళలోకి అనుమతి లేకుండా, సలాం చేయకుండా ప్రవేశించవద్దని ఆజ్ఞాపించాడు. ఆ వెంటనే, ఎవరూ కాపురం ఉండని, మనకు ఉపయోగం ఉన్న గృహాలలోకి వెళ్ళడం దోషం కాదని సెలవిచ్చాడు. వ్యాఖ్యాతలు దీనికి బాటసారుల సత్రాలను ఉదాహరణగా చూపారు. దక్కను పాలకులు దారుల వెంట సరాయిలు కట్టించారు. కుతుబ్‌షాహీల కాలపు షేక్‌పేట సరాయి నేటికీ ఐటీ కార్యాలయాలకు కూతవేటు దూరంలో నిలిచి ఉంది. నాటి బిడారు వర్తకుడు కోరుకున్నవి భద్రత, నీరు, నమాజుకు చోటు. నేటి కుటుంబానికి కావలసినవీ ఇవే.

ఏమి చూడాలి?

మొదటిది చోటు. ప్రకటనలలో కూకట్‌పల్లి చాలా పెద్దది. నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి కూడా "కూకట్‌పల్లి మెట్రో దగ్గర" అయిపోతుంటాయి. మియాపూర్ నుంచి వచ్చే మెట్రో మార్గంలో జె.ఎన్.టి.యు. కాలేజీ, కె.పి.హెచ్.బి. కాలనీ, కూకట్‌పల్లి అని మూడు వేర్వేరు స్టేషన్లు ఉన్నాయి. ఏ స్టేషన్‌కు, నడిచి ఎంతసేపు అని అడగాలి. మియాపూర్–అమీర్‌పేట మెట్రో 2017 నవంబరులోను, అమీర్‌పేట–ఎల్.బి.నగర్ భాగం 2018 సెప్టెంబరులోను మొదలైంది. ఈ రైలు ఎక్కితే మారే పని లేకుండా ఎం.జి.బి.ఎస్. చేరవచ్చు. అక్కడి నుంచి చార్మినార్‌కు ఆటో చాలు. హైటెక్ సిటీకైతే అమీర్‌పేటలో రైలు మారాలి. రోజుకు 500 రూపాయలు తక్కువని దూరపు ఇల్లు తీసుకుంటే, ఆరుగురికి రెండేసి ఆటోలు రానూపోనూ ఆ లాభాన్ని మింగేస్తాయి.

ప్రయాణపు రోజులు కూడా చూసుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం మూసి ఉంటాయి. పిల్లలను వెంటబెట్టుకుని అంత దూరం వెళ్ళి తాళం చూసి తిరిగి రావడం కన్నా, ఆ రోజును జుమా నమాజుకు, బంధువుల దర్శనానికి కేటాయించుకోవడం ఉత్తమం.

రెండవది ఇబాదతు, పర్దా. దగ్గరలో మస్జిద్ ఎక్కడుందో అడగాలి. ఇక్కడ ఖిబ్లా పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది. హాలు గోడ మీద యజమాని పూజించుకునే పటాలు ఉంటే వాటిని ఊడదీయవద్దు, బోర్లించవద్దు. పక్క గదిలో నమాజు చేసుకోవచ్చు. అల్లాహ్ మనకు భూమినంతటినీ నమాజుకు యోగ్యం చేశాడు. ప్రయాణంలో ఖస్ర్ రాయితీ కూడా ఉంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం పదిహేను రోజులకు తక్కువ ఉండే ఉద్దేశంతో వచ్చిన ముసాఫిర్ నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తాడు.

స్త్రీల గది కిటికీలకు తెరలున్నాయా, తలుపులకు లోపలి గడియ పడుతుందా అని చూడాలి. ఇంటి లోపల ఎక్కడైనా కెమెరా ఉందా అని సూటిగా అడగాలి. ఇలా అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ 2024 ఏప్రిల్ 30 నుంచి తన ద్వారా అద్దెకిచ్చే ఇళ్ళ లోపల భద్రతా కెమెరాలను పూర్తిగా నిషేధించింది. స్త్రీల ఏకాంతాన్ని దొంగతనంగా చిత్రించడం మన చట్టంలో నేరం.

మూడవది నీరు, నిప్పు, మెట్లు. వేసవిలో నీళ్ళు ట్యాంకరుతో వస్తాయా, రోజంతా ఉంటాయా? వుజూకు, స్నానాలకు ఆరుగురికి ఒకే బాత్‌రూమా? గ్యాస్ ఉందా? కరెంటు పోతే లిఫ్టు నడుస్తుందా? మోకాళ్ళ నొప్పుల నానీమాకు నాలుగో అంతస్తు ఇల్లు ఎంత అందమైనదైతే ఏం లాభం?

మాట, రాత

ఇక యజమాని హక్కు. ఇక్కడే మనవాళ్ళలో కొందరు తేలిగ్గా తప్పటడుగు వేస్తారు. నలుగురమని చెప్పి ఎనిమిదిమంది దిగడం తెలివితేటలు కావు, అబద్ధం. "మాంసం వండకూడదు" అని యజమాని ముందే చెబితే, సరేనని అడ్వాన్సు ఇచ్చి, రాత్రిపూట తలుపులు మూసి వండడం నమ్మకద్రోహం. ముస్లింలు తాము ఒప్పుకున్న షరతులకు కట్టుబడి ఉంటారన్నది ప్రవక్త (స) బోధ. ఆ షరతు మనకు నచ్చకపోతే వేరే ఇల్లు చూసుకోవాలి. నచ్చినట్టు నటించరాదు.

దివ్య ఖురాన్‌లోని అతి పొడవైన ఆయతు అప్పు పత్రం రాసుకోవడం గురించే. లావాదేవీని కాగితం మీద పెట్టడానికి మన ధర్మం అంత ప్రాధాన్యం ఇచ్చింది. రోజు అద్దె, శుభ్రం చేసే ఖర్చు, డిపాజిట్టు, మనుషుల సంఖ్య, వచ్చే పోయే వేళలు, ప్రయాణం రద్దయితే అడ్వాన్సు ఎంత తిరిగి వస్తుందీ అన్నవి ఫోన్ సందేశంగానైనా రాసి ఉండాలి. తెలియని వ్యక్తి "పూర్తి డబ్బు ఇప్పుడే పంపండి, ఇల్లు తరువాత చూద్దురు" అంటే వెనకాడడమే మంచిది. కూకట్‌పల్లిలో ఉన్న బంధువుల అబ్బాయిని ఒకసారి వెళ్ళి చూసి రమ్మంటే సరిపోతుంది. దిగిన రోజే పగిలిన కుర్చీకి, గోడ మరకకు ఫోటో తీసి యజమానికి పంపితే వెళ్ళే రోజు తగవు ఉండదు. మన చేతిలో ఏదైనా పగిలితే, వాళ్ళు గమనించకపోయినా, మనమే చెప్పి వెల చెల్లించాలి.

గుర్తింపు పత్రం అడగడం అవమానం కాదు. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ప్రతి కూడా దొరుకుతుంది. దాన్ని ఇవ్వవచ్చేమో అడిగి చూడాలి. అమెరికానో బ్రిటనో పాస్‌పోర్టు ఉన్న మనవలు వెంట ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. విదేశీయుల బస వివరాలను 24 గంటల్లో అధికారులకు తెలియజేయడం బస ఇచ్చేవారి బాధ్యత.

పొరుగువారి హక్కు

పక్క ఫ్లాటువారు మనతో ఏ ఒప్పందమూ చేసుకోలేదు. తమ గోడ పక్కన వారానికొక కొత్త కుటుంబం దిగాలని వారు కోరుకోలేదు. అయినా సహిస్తున్నారు. జిబ్రీల్ (అ) పొరుగువారి గురించి ఎంతగా తాకీదు చేశారంటే, పొరుగువారిని వారసులను కూడా చేస్తారేమోనని ప్రవక్త (స)కు అనిపించిందట. నాలుగు రోజుల పొరుగు కూడా పొరుగే. అర్ధరాత్రి వరండాలో పిల్లల పరుగులు, వేరొకరి పార్కింగులో మన కారు, మూత కట్టని చెత్త సంచిలో ఎముకలు, లిఫ్టులో పాన్ మరకలు, ఇవన్నీ మనం వెళ్ళిపోయాక మన పేరు మీద మిగిలే గుర్తులు. వాచ్‌మన్‌ను పలకరించండి. పనిమనిషికి ఆమె కూలి చెమట ఆరకముందే ఇవ్వండి.

పేరు విని తలుపు మూస్తే

ఒక చేదు నిజాన్ని దాటవేయలేం. ఫోన్‌లో అంతా కుదిరి, పేరు చెప్పగానే "ఇల్లు ఖాళీ లేదు" అన్న జవాబు విన్న కుటుంబాలు మనలో ఉన్నాయి. ముస్లింలకు ఇళ్ళు అద్దెకు దొరకడంలోని కష్టాన్ని 2006లో సచార్ కమిటీ నివేదిక కూడా ప్రస్తావించింది. దుకాణాలు, హోటళ్ళలో ప్రవేశానికి మతం అడ్డు కారాదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. అయితే సొంత ఇళ్ళ విషయంలో చట్టం అంత బలంగా లేదు. సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసిన అహ్మదాబాద్ హౌసింగ్ సొసైటీ నిబంధనను సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది. ఎయిర్‌బీఎన్‌బీ మాత్రం మత వివక్ష చూపబోమన్న హామీని 2016 నవంబరు నుంచి తన ఇళ్ళ యజమానులందరి దగ్గరా తీసుకుంటోంది. అలాంటి చోట అన్యాయం జరిగితే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

కానీ పేరు దాచుకోవద్దు. హిందూ మిత్రుని పేరుతో ఇల్లు తీసుకుని తాళంచెవి దగ్గర బయటపడడం ఆ మిత్రునికీ, మన పిల్లల ఆత్మగౌరవానికీ మంచిది కాదు. మొదటి మాటలోనే పేరు, మనుషుల సంఖ్య, వంట సంగతి చెప్పేస్తే, మూసుకునే తలుపు ముందే మూసుకుంటుంది. తెరుచుకునేది మనస్ఫూర్తిగా తెరుచుకుంటుంది. పూజా పటాలున్న ఇంట్లోనే చాప చూపించి "నమాజు ఇక్కడ చేసుకోండి" అనే యజమానులు ఈ నగరంలో లేకపోలేదు. వారిని తలచుకోవడం కూడా న్యాయమే.

అలాగే మన వైపూ చూసుకోవాలి. మన సోదరులలో ఇళ్ళు అద్దెకిచ్చేవారు ఎందరో ఉన్నారు. వారి గుమ్మంలో హిందూ కుటుంబానికి, దళిత కుటుంబానికి, మరో మస్లక్‌కు చెందిన ముస్లిముకు ఏ జవాబు దొరుకుతోంది? మనకు జరిగితే అన్యాయమన్నది మనం చేసినా అన్యాయమే.

ఈ సెలవులకు ప్రయాణం కట్టే కుటుంబాలకు మా విన్నపం ఇదే. ఇల్లు చూసేటప్పుడు ధర ఒక్కటే చూడవద్దు. ఖాళీ చేసేటప్పుడు తాళం ఒక్కటే అప్పగించి రావద్దు. గిన్నెలు కడిగి, ఫ్యాన్లు ఆపి, చెత్త తీసి, బాకీ తీర్చి, "మా వల్ల ఇబ్బంది కలిగి ఉంటే మన్నించండి" అని చెప్పి రండి. రేపు మరో ముస్లిం కుటుంబం అదే యజమానికి ఫోన్ చేస్తుంది. ఆ కుటుంబానికి తలుపు తెరిపించే శక్తి మన ప్రవర్తనలో ఉంది. అల్లాహ్ మన ప్రయాణాలను క్షేమకరం చేసి, అమానతును నిలబెట్టుకునే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.