ఉద్దానంలో ‘కంప్లీట్’ అంటే ఎప్పుడు?

మన ఆఫీసుల్లో ‘కంప్లీట్’ అన్న మాట ఒకటే, లెక్కలు మాత్రం మూడు. కాంట్రాక్టరుకు ఆఖరి బిల్లు, నాయకుడికి శిలాఫలకం, ఇంటివాళ్లకు కుళాయిలో నీళ్లు. కిడ్నీ జబ్బు ఎంతోమందిని పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఈ తేడా ప్రాణాలకు సంబంధించింది. హిరమండలం రిజర్వాయరు నుంచి పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలకు తాగునీరిచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి కూడా ఆ రోజే మొదలైంది. రెండూ ఎంతో కాలంగా ఎదురుచూసినవే. కానీ ఆ తేదీ ఆరంభానిది. ఇక్కడి మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి లోలోపల ముదురుతుంది, దానికి అసలు కారణమేమిటో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. అలాంటప్పుడు పైపులు వేయడంతోనే పని ముగిసిందని ఎలా రాసుకుంటాం?

ఏదో ఒక రోజు ఫైలు మూయకపోతే బిల్లులు చెల్లవు, కొత్త పనికి నిధులు రావు అని ఇంజనీర్లు అంటారు. నిజమే, నిర్మాణానికి ముగింపు తేదీ ఉండాల్సిందే. అయితే కట్టడం పూర్తయిన తేదీ ఒక గడిలో, ఊరి చివరి ఇంటికి నీరు అందిన తేదీ మరో గడిలో రాయడానికి అడ్డేముంది? మోటారు కాలినా, పైపు పగిలినా రెండో గడిలో తెలిసిపోతుంది. (అందుకేనేమో, ఆ గడి ఎవరికీ నచ్చదు.) ఆసుపత్రికీ అంతే: మంచాల సంఖ్యతో పాటు నెఫ్రాలజిస్టుల పోస్టుల్లో ఎన్ని భర్తీ అయ్యాయో కూడా ప్రతి నెలా పలాసలోనే బోర్డు మీద రాయాలి.