సామ్రాజ్యం యూనిఫాంలో ఒక బెంగాలీ యువకుడు

1918 జూలై 22న ఫ్రాన్స్ గగనతలంలో జర్మన్ విమానాలతో పోరాడుతూ ఇంద్రలాల్ రాయ్ నేలకొరిగాడు. అప్పటికి అతడికి ఇరవయ్యేళ్లు నిండలేదు. అంతకుముందు ఆ నెల 6 నుంచి 19 వరకు, కేవలం రెండు వారాల్లో, పది వైమానిక విజయాలు అతడి పేరున నమోదయ్యాయి. మరణానంతరం బ్రిటిష్ ప్రభుత్వం డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ప్రకటించింది.

కలకత్తాలో పుట్టి, లండన్‌లోని సెయింట్ పాల్స్ పాఠశాలలో చదివిన అతడు బారిస్టరు కుమారుడు. 1917 చివర విమానం కూలి గాయపడినప్పుడు వైద్యులు ఇక పనికిరాడని తేల్చారు. అయినా పట్టుబట్టి మళ్లీ ఆకాశంలోకి వెళ్లాడు.

ఈ కథ సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది. కొందరికి అతడు తొలి భారతీయ యుద్ధవైమానిక వీరుడు; మరికొందరికి పరాయి రాజు కోసం ప్రాణమిచ్చిన సంపన్నుల బిడ్డ. ఇరుపక్షాలూ ఆ ఇంటి గడప దాటి లోపలికి చూడవు.

ఆ ఇంట్లో తల్లి లలితా రాయ్ ఉన్నారు. 1911లో మహిళల ఓటుహక్కు కోరుతూ లండన్ వీధుల్లో సాగిన మహా ప్రదర్శనలో నడిచిన భారతీయ స్త్రీలను కూడగట్టిన వారిలో ఆమె ఒకరు. కొడుకు ఏ సామ్రాజ్యం కోసం పోరాడాడో, ఆ సామ్రాజ్యాన్నే తల్లి హక్కులు అడిగారు. ఇందులో వైరుధ్యం వెతకడం తొందరపాటు. యుద్ధంలో చేయి కలిపితే పౌరసత్వపు గౌరవం దక్కుతుందన్న ఆశ ఆనాడు ఎందరో విద్యావంతులది. 1917 ఆగస్టులో మాంటేగూ ప్రకటన ఆ ఆశకు ఊపిరిపోసింది.

దక్కిందేమిటి? 1919లో రౌలట్ చట్టం, జలియన్‌వాలాబాగ్. అదే ఏడాది వచ్చిన భారత ప్రభుత్వ చట్టం స్త్రీల ఓటుహక్కును తేల్చకుండా రాష్ట్రాల శాసనమండళ్లకు వదిలేసింది. మద్రాసు 1921లో అంగీకరించింది. రాయ్ కుటుంబం పుట్టినిల్లైన బెంగాల్ 1925 దాకా తలుపు తీయలేదు.

శతజయంతి వేళ, 1998లో, స్వతంత్ర భారతం ఇంద్రలాల్ పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది. అది సముచితమే. కానీ సైనికుడి మరణాన్ని నినాదంగా మార్చుకోవడం ఏ పాలకులకైనా సులువు. అతడి తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడమే కష్టం. ప్రాణాలను అడిగే రాజ్యం బదులుగా ఏ హక్కులిస్తుంది? వీరులను స్మరించే ప్రతి సభలోనూ ఆ ప్రశ్నకు చోటుండాలి.