ముల్లు, చింతగింజ, గొంగడి



ముండ్ల మొక్క కనబడితే చాలు, కొడవలి తీస్తాం. పనికిరానిది అంటాం. అట్ల అనే ముందు ఒక్క నిమిషం ఆగాలని నా అభిప్రాయం.

ఇంగ్లాండు, ఫ్రాన్సు దేశాల్లో టీజిల్ అనే ముండ్ల మొక్క ఉంది. మన చేన్ల గట్ల మీది మరులమాతంగి కాయకు ఉన్నట్టే దాని ఎండిన పూగుత్తికి కొక్కేల్లాంటి ముండ్లు ఉంటాయి. నేసిన ఉన్ని బట్టను తడిపి, చట్రంలో బిగించిన ఈ గుత్తులతో దువ్వేవారు. నూగు పైకి లేచి బట్ట మెత్తగా, వెచ్చగా అయ్యేది. తర్వాత ఇనుప తీగల దువ్వెనలు వచ్చాయి. అయినా మేలురకం బట్టకు టీజిల్‌నే చాలాకాలం వాడారు. ఎందుకంటే దారం చిక్కుకుంటే తీగ బట్టను చింపుతుంది, ముల్లు మాత్రం తానే విరుగుతుంది. 1528లో ఏర్పడిన లండన్ బట్టల పనివాళ్ల సంఘం తన చిహ్నంలో ఈ ముండ్ల గుత్తిని పెట్టుకుంది. చేతిపనికి వాళ్లిచ్చిన మర్యాద అది.

మరి మన దగ్గర? తెలంగాణ పల్లెల్లో కురుమలు నల్లగొర్రె ఉన్నితో గొంగడి నేస్తారు. వీళ్ల పని తిరగేసి ఉంటుంది. చింతగింజలతో గంజి కాచి, పడుగుకు కుంచెతో పట్టిస్తారు. లేచిన నూగు అణిగి దారం గట్టిపడుతుంది, మగ్గం మీద తెగదు. అక్కడ ముల్లు నూగును లేపింది, ఇక్కడ గింజ అణుస్తుంది. రెండూ తెలివే.

ఆ తెలివి ఇప్పుడు ఆపదలో ఉంది. ఉన్ని రాని మాంసం గొర్రెలు పెరిగినయి. 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్‌గా ఇచ్చారు. చాలా గొర్రెలను పక్క రాష్ట్రాల నుంచి తెచ్చారు. అందులో మాంసం లెక్కే గాని ఉన్ని లెక్క లేదు. ఉన్ని లేకుంటే వడికే అవ్వకు పని లేదు, నేసే తాతకు మగ్గం లేదు. మన తండాల్లో అద్దాల పేటియా కుట్టే చేతులు తగ్గినట్టే ఇది కూడా.

"గొంగడి గుచ్చుతది, ధర ఎక్కువ" అని కొందరంటారు. నిజమే. కాని కింద పరుచుకుంటే గుచ్చదు, చలికాలం నేల చల్లదనం పైకి రాదు. ఏండ్ల తరబడి మన్నుతుంది. ఏటేటా చిరిగే దుప్పటి ధర కూడా కలిపి చూడాలి కదా!

2022లో మన దోమకొండ కోటకు యునెస్కో అవార్డు వచ్చింది. రాతిగోడను కాపాడితే ఇంత గౌరవం ఉన్నప్పుడు, చేతిపనిని కాపాడటం చిన్నపనా?

వార్డెన్ సార్లకు మూడు మనవులు. వంటింట్లో పారేసే చింతగింజలను ఒక డబ్బాలో పోగుచేయించండి. ఒక ఆదివారం గొంగడి నేసే తాతను పిలిపించి మాకు పని చూపించండి. ఈసారి దుప్పట్లు కొనేటప్పుడు పది గొంగళ్లైనా కొనమని పైవాళ్లకు రాయండి.

గింజలు ఏరే పని మాది.