తాళి చూపిస్తేనే గేటు తీస్తారా?

హైదరాబాదు ఇందిరా పార్కు గేటు దగ్గర 2021 ఆగస్టులో ఒక బోర్డు వెలిసింది. పెళ్ళికాని జంటలకు లోపలికి ప్రవేశం లేదని దాని సారాంశం. సామాజిక కార్యకర్త మీరా సంఘమిత్ర దాని ఫొటోని ట్విట్టర్లో పెట్టి జి.హెచ్.ఎం.సి.ని నిలదీశారు. గొడవ పెద్దదయింది. జోనల్ కమిషనర్ విచారం వెలిబుచ్చారు, బోర్డు తీసేశారు. మనం గెలిచామనుకున్నాం.

నాకు మాత్రం ఆ గెలుపు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

ఆ బోర్డు రాయించమన్నది ఎవరు? ఏ చట్టం ఇచ్చిన ఏ అధికారంతో? ఏ తేదీన, ఏ ఫైలులో ఆ నిర్ణయం జరిగింది? వీటిలో ఒక్కదానికీ ఆ విచారంలో జవాబు లేదు. కలిగిన 'అసౌకర్యానికి' చింతిస్తున్నామన్నారు. కుళాయి రెండు రోజులు రాకపోతే అది అసౌకర్యం. మునిసిపాలిటీ సొమ్ముతో నడిచే చోటికి నువ్వు రావద్దని పౌరులకి చెప్పడం అసౌకర్యమా? పైగా పార్కులో ప్రశాంత వాతావరణం కోసం నిఘా ఉంచమని స్థానిక పోలీసులకి చెప్పామని కూడా ఆ జవాబులోనే ఉంది. అంటే బోర్డు పోయింది గానీ, బోర్డు చేసే పనిని లాఠీకి అప్పజెప్పారు.

అసలు పెళ్ళయిందో లేదో గేటు దగ్గర ఎలా తేలుస్తారు? పెళ్ళిళ్ళ నమోదు తప్పనిసరి చేస్తూ 2002లో మన రాష్ట్రంలో చట్టమొచ్చింది. ఆ సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని షికారుకి వెళ్ళేవాళ్ళని నేనింతవరకు చూడలేదు. కాబట్టి కాపలా మనిషి చూసేది ఆడదాని మెడ వైపు, కాలివేళ్ళ వైపు. మగవాడి ఒంటి మీద చూడటానికేమీ ఉండదు. జంటలన్న మాట ఇద్దరికీ వర్తించేలా కనిపిస్తుంది గానీ సోదా జరిగేది ఒక్కరికే. మెడలో తాళి లేని ముస్లిం స్త్రీ, భర్త పోయిన స్త్రీ, తాళి వద్దనుకున్న స్త్రీ, అన్నతోనో స్నేహితుడితోనో వచ్చిన పిల్ల, అందరూ అక్కడ సంజాయిషీ చెప్పుకోవాల్సిందే.

అలా సంజాయిషీ అడిగే హక్కు ఎవరికి పడితే వారికి ఉందనుకుంటే ఏమవుతుందో 2019లోనే చూశాం. మేడ్చల్ దగ్గర కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో ఫిబ్రవరి 14న భజరంగ్ దళ్ వాళ్ళు ఒక జంటని పట్టుకుని బలవంతంగా తాళి కట్టించి, వీడియో తీసి ఊరంతా చూపించారు. పెళ్ళి కాకపోతే రావద్దంటారు, వస్తే పెళ్ళి చేసి పంపిస్తారు. బోర్డుకీ ఆ మూకకీ మధ్య దూరం చాలా తక్కువ. మూక బాహాటంగా చేసినదాన్ని బోర్డు పెయింటుతో రాసింది, అంతే.

ఇదంతా హైదరాబాదు గొడవ, మనకెందుకనుకునే వాళ్ళు ఒకసారి మా నూజివీడు వైపు రండి. 2022 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, ఎటు చూసినా మామిడి తోటలే. బంగినపల్లి, చిన్న రసాలు, పెద్ద రసాలు, కలెక్టరు కాయ. సీజన్లో మగవాళ్ళు చిక్కాలతో కాయ దించుతుంటే, ఆడవాళ్ళు ఏరతారు, సొన తుడుస్తారు, సైజుల వారీగా వేరు చేస్తారు, గంపలు మోస్తారు, గడ్డి పరిచి పెట్టెల్లో సర్దుతారు. తెల్లవారకముందే ఆటోల్లో కుక్కుకుని వెళ్ళి, పరాయి మగవాళ్ళ మధ్య, ఊరికి దూరంగా, పొద్దుగూకేదాకా చెట్ల కింద ఉంటారు. అక్కడ ఒక్కరైనా నీకు పెళ్ళయిందా అని అడిగి తోటలోకి రానిచ్చారా? అడగరు. ఎందుకంటే అక్కడ ఆమె చేతులు ఖాళీగా లేవు.

అదే మనిషి సాయంత్రం ఒక అరగంట పార్కు బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే మాత్రం ఊరికి సంస్కృతి గుర్తొస్తుంది. తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు అని మన సామెత. కూలికి తిరిగితే చెడనిది, ఊరికే కూర్చుంటే చెడిపోతుంది! ముంబయి పరిశోధకులు శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో 'వై లాయిటర్?' అనే పుస్తకంలో పట్టుకున్నది ఈ మెలికనే. ఏదో ఒక పని చూపించకుండా ఊరికే బయట ఉండే హక్కు స్త్రీకి దక్కలేదని వాళ్ళ వాదన. నూజివీడు తోటల్లో నిలబడి చదివితే ఆ వాదనకి ఇంకో ముక్క కలపాలనిపిస్తుంది. చెట్టు నీడలో చెమటోడ్చే అనుమతి ఉన్న స్త్రీకి ఆ నీడలో విశ్రమించే అనుమతి లేదు.

సాహిత్యంలోనూ ఇదే జరిగింది. చలం 'మైదానం' 1927 నాటిది. ప్లీడరు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్ళిపోయింది సరే. ఆమె నీతి మీద, కామం మీద మన విమర్శకులు దశాబ్దాల పాటు కలాలు అరగదీశారు. ఆమె ఆరుబయట నిర్భయంగా కూర్చోడానికి ఊరి పొలిమేర దాటి ఎందుకు వెళ్ళాల్సొచ్చింది, ఊళ్ళో ఆమెకి అలాంటి జాగా ఒక్కటైనా ఎందుకు లేదు అని అడిగినవాళ్ళెందరు?

ఇక నా అనుభవం ఒకటి చెప్తాను. కోస్తాలో ఒక చిన్న పట్టణం. పేరు చెప్పను, ఏ పట్టణమైనా అదే కథ. మునిసిపల్ పార్కులో మధ్యాహ్నం పూట చదువుకుంటూ కూర్చున్నాను. కాపలా మనిషి వచ్చి, "అమ్మా, ఆడవాళ్ళు ఒక్కళ్ళే కూర్చోకూడదంట, ఫ్యామిలీతో రండి" అన్నాడు. ఎవరన్నారంటే "సార్లు" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. కాంట్రాక్టు ఉద్యోగం, చెప్పమన్నది చెప్పాడు. ఆఫీసుకి వెళ్ళి ఆ రూలు చూపించమన్నాను. గుమాస్తా నవ్వి, "రూలేం లేదు మేడం, మీ మంచికే" అన్నాడు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ముప్ఫై రోజులు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. మొదటి అప్పీలు వేశాక ఒక్క వాక్యం వచ్చింది. అటువంటి ఉత్తర్వులేవీ ఈ కార్యాలయ రికార్డుల్లో లేవట!

ఆ ఒక్క వాక్యంలోనే ఉంది అసలు విషయం. మన మీద ఉండే నిషేధాలకి కాగితం ఉండదు. ఇంట్లో ఉండదు, హాస్టల్లో ఉండదు, పార్కులో ఉండదు. కాగితం ఉంటే దాని మీద సంతకం ఉంటుంది, సంతకం ఉంటే కోర్టుకీడ్చొచ్చు. నోటిమాటతో పెట్టిన నిషేధాన్ని నోటిమాటతోనే తీసేస్తారు, రేపు మళ్ళీ నోటిమాటతోనే పెడతారు. 'మీ మంచికే' అన్నదాన్ని ఏ కోర్టులో సవాలు చేస్తాం?

కాగితం విలువ తెలిసిన పోరాటం మన దేశంలో ఒకటుంది. బహిరంగ బావులు, చెరువులు అంటరానివారికి తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. దాన్ననుసరించి మహద్ మునిసిపాలిటీ 1924లో చౌదార్ చెరువుని తెరిచింది. 1927 మార్చిలో అంబేద్కర్ వేల మందితో వెళ్ళి ఆ నీళ్ళు తాగితే సవర్ణులు చెరువుని 'శుద్ధి' చేశారు. మునిసిపాలిటీ తన తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. వ్యాజ్యం పదేళ్ళు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో అంబేద్కర్ పక్షం గెలిచింది. మునిసిపాలిటీ ఇచ్చినదీ, లాక్కున్నదీ రెండూ తీర్మానాలుగా ఉన్నాయి కనుకే ఎవరు ఏ పక్షాన నిలబడ్డారో చరిత్రలో మిగిలింది.

ఆ పోరాటం సారమే రాజ్యాంగంలో 15(2) అధికరణంగా మనకి అందింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం చేరే చోట్లు వాడుకోడానికి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అడ్డు కాకూడదని అది చెప్తుంది. అందులో పెళ్ళి మాట లేదు కదా అని తెలివైన వాళ్ళు అడగొచ్చు. పెళ్ళయిందా అని అడగటమంటే మన సమాజంలో కులం అడగటమే. ఒకే కులం పిల్లలకి పెద్దలే పెళ్ళిచూపులు ఏర్పాటు చేసి, మేడ మీద గదిలో మాట్లాడుకోనిస్తారు. వేర్వేరు కులాల పిల్లలకి ఆ గది ఎవరిస్తారు? 2018లో మిర్యాలగూడలో ప్రణయ్‌ని, 2022లో సరూర్‌నగర్‌లో నాగరాజుని నడివీధిలో చంపిన దేశంలో, ప్రేమించుకున్న ఇద్దరు ఒకళ్ళనొకళ్ళు తెలుసుకోడానికి మిగిలేది పార్కు బెంచీ ఒక్కటే. డబ్బున్నవాడికి క్లబ్బులున్నాయి, రిసార్టులున్నాయి, సొంత తోటలో గెస్ట్‌హౌస్ ఉంది. బోర్డు ఆపేది ఆ తోటలో కూలికి వెళ్ళేవాళ్ళ పిల్లల్నే.

కుటుంబాలు ఇబ్బంది పడుతున్నాయంటారు. బహిరంగంగా అసభ్యంగా ప్రవర్తించి ఇతరుల్ని బాధపెడితే దానికి చట్టముంది. నిన్నటి దాకా శిక్షాస్మృతిలో 294, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 296. అది చేసిన పనికి శిక్ష. బోర్డు వేసేది ఏమీ చేయకముందే, మనిషి ఎవరన్నదానికి శిక్ష. యుక్తవయసు వచ్చిన ఇద్దరు పెళ్ళి లేకుండా కలిసి జీవించడమే నేరం కాదని 2010లో ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, కలిసి కూర్చోవడం నేరమెలా అవుతుంది? ఇక 'మీ రక్షణ కోసం' అనే మాట. వేధించేవాడు లోపల ఉంటే అతన్ని బయటికి పంపాలి. మమ్మల్ని బయటికి పంపి పార్కుని ఎవరికోసం రక్షిస్తున్నారు?

అందుకని నేననేది, విచారాలతో సరిపెట్టుకోవద్దు. ఎక్కడ బోర్డు కనిపించినా, కాపలా మనిషి నోట 'సార్లు చెప్పారు' వినిపించినా, ఆ సార్లని రాతలో అడుగుదాం. తన నిర్ణయాలకి కారణాలు బాధితులకి తెలపాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) ప్రతి ప్రభుత్వ కార్యాలయాన్నీ ఆదేశిస్తోంది. మునిసిపల్ ఆఫీసులో దరఖాస్తుకి పది రూపాయలు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు, ఆ పైన రాష్ట్ర సమాచార కమిషన్. ఇంకో సౌకర్యం కూడా ఉంది. సెక్షన్ 6(2) ప్రకారం ఇది నీకెందుకని దరఖాస్తుదారుని అడగకూడదు. ఆడదాన్ని 'నీకెందుకు' అని అడగొద్దన్న చోటు ఈ దేశంలో నాకు తెలిసి ఇదొక్కటే, దాన్ని వాడుకోకపోతే ఎలా?

ఉత్తర్వు లేదని జవాబొస్తే, ఆ జవాబునే పార్కు గేటుకి అంటించమని అడుగుదాం. ఉందని వస్తే ఇంకా మంచిది, సంతకం ఎవరిదో తెలుస్తుంది. ప్రవేశం అందరికీ అని, పెళ్ళి, కులం, తోడు ఏదీ అడగబోమని మునిసిపల్ కౌన్సిల్ చేత తీర్మానం చేయిద్దాం. వార్డు మెంబర్లలో సగం మంది ఆడవాళ్ళే కదా, ముందు వాళ్ళనే అడుగుదాం. మన మీది నిషేధాలన్నీ గాలిలో ఉన్నాయి, ముందు వాటిని కాగితం మీదికి దింపాలి. కొట్టేయడం ఆ తర్వాత పని.