అమ్మ ఇచ్చిన పావలా

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను రెండు రోజులపాటు వదల్లేదు. రాసినావిడ తన పేరూ ఊరూ చెప్పొద్దన్నారు. చెప్పను. విషయం మాత్రం చెప్తాను. ఎందుకంటే ఇది ఆవిడ ఒక్కరి ఇంట్లో సంగతి కాదు.

ఆవిడ కొడుకు తొమ్మిదో తరగతి. చదువులో మరీ వెనకబడ్డవాడేం కాదు. కానీ వాడికి దెయ్యాల కథలు రాసే పిచ్చి. లెక్కల నోట్సు వెనక పేజీల నిండా పాడుబడ్డ బావులూ, తెల్లచీరలూ, అర్ధరాత్రి తలుపు తట్టే చేతులూనట! అక్కడితో ఊరుకోకుండా ఒక కథని జిరాక్సు తీయించి, పిన్నులు కొట్టి, క్లాసులో పది రూపాయలకొకటి చొప్పున అమ్మాడు. హెడ్మాస్టరుగారు తల్లిని పిలిపించి నలుగురిలో చీవాట్లు పెట్టారు. ఈవిడకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఆ నోట్సు చింపి నీళ్ళ పొయ్యిలో పడేశారు.

"వాడు ఏడవలేదండీ. అప్పట్నుంచీ నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు. నేను చేసింది తప్పా? ఇలాంటి పిచ్చిరాతలు రాసేవాడు రేపు ఏమవుతాడు?" అని అడిగారు.

ఏమవుతాడో నేను జోస్యం చెప్పలేనమ్మా. కానీ అచ్చం ఇలాంటిదే అరవై ఏళ్ళ కిందట అమెరికాలో ఒక ఇంట్లో జరిగింది. ఆ సంగతి చెప్తాను, తీరిగ్గా వినండి.

ఆ పిల్లాడి పేరు స్టీఫెన్ కింగ్. 1947లో మెయిన్ రాష్ట్రంలో పుట్టాడు. వాడికి రెండేళ్ళప్పుడు తండ్రి సిగరెట్లు కొనుక్కొస్తానని గడప దాటి, మళ్ళీ తిరిగి రాలేదు. తల్లి రూత్ ఇద్దరు మగపిల్లల్ని వెంటేసుకుని లాండ్రీలో, బేకరీలో, ఎక్కడ పని దొరికితే అక్కడ చేసి పెంచుకొచ్చింది. మగదిక్కు లేని సంసారం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఆరేళ్ళప్పుడు స్టీఫెన్‌కి తట్టూ, గొంతునొప్పీ, చెవినొప్పీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఏడాదంతా మంచానికే అంటుకుపోయాడు. పొద్దుపోక బొమ్మల పుస్తకాల్లోని కథల్ని ఎత్తిరాసి తల్లికి చూపించాడు. ఆవిడ మురిసిపోయి, ఇది నువ్వే అల్లావా అని అడిగింది. కాదు, చాలామటుకు చూసి రాశానని వాడు ఒప్పుకున్నాడు. ఆవిడ మొహంలో ఉత్సాహం తగ్గింది కానీ తిట్టలేదు. నీ సొంతంగా ఒకటి రాయి, అంతకంటే బాగా రాయగలవు అంది. వాడు ఒక తెల్ల కుందేలు పెద్దరికం చేసే కథ రాశాడు. అలాంటివి మొత్తం నాలుగు. ఒక్కో కథకీ ఆవిడ క్వార్టర్ ఇచ్చింది. క్వార్టర్ అంటే డాలరులో నాలుగో వంతు, మన పావలా అనుకోండి. ఆ నాలుగు కథల్నీ తన అక్కచెల్లెళ్ళకి పంపించుకుంది కూడా. కూలి చేసి ఇల్లు నడిపే మనిషికి ఆ నాలుగు పావలాలు ఊరికే వచ్చినవి కావు కదా!

తర్వాత స్టీఫెన్‌కి ఒకరోజు మేనత్తల ఇళ్ళల్లో ఎవరింటిదో కాదు, తల్లి తోబుట్టువు ఇంటి అటకమీద పాత పెట్టె ఒకటి దొరికింది. అందులో పారిపోయిన తండ్రి చదివిన పుస్తకాలు. వాటిల్లో లవ్‌క్రాఫ్ట్ అనే రచయిత భయంకర కథల సంపుటం ఉంది. అదే వాడి దారి మార్చింది.

అన్న డేవిడ్‌కి ఇంట్లోనే చిన్న పత్రిక నడిపే సరదా. మొదట్లో మన చైనాగ్రాస్‌లా గడ్డకట్టిన జెల్లీ పళ్ళెం మీద కాగితాలు అద్ది కాపీలు తీసేవారు. తర్వాత సైక్లోస్టైల్ లాంటి మిషను ఒకటి సంపాదించారు. 1961లో ఎడ్గార్ ఎలన్ పో కథతో ఒక భయానక సినిమా వచ్చింది. స్టీఫెన్ అది చూసొచ్చి, ఆ కథని తన మాటల్లో ఎనిమిది పేజీలు రాసి, ఆ మిషను మీద నలభై కాపీలు తీసి స్కూలుకి పట్టుకెళ్ళాడు. ధర పావలా. మధ్యాహ్నానికల్లా మూడు డజన్లు అమ్ముడుపోయాయి! సాయంత్రానికి కబురొచ్చింది. ప్రిన్సిపాల్‌గారు పిలిచారు. స్కూలుని అంగడి చెయ్యొద్దన్నారు. డబ్బంతా వెనక్కి ఇప్పించారు. అది న్యాయమే. కానీ ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. ఇంత తెలివున్నవాడివి, ఇలాంటి చెత్త రాసి ఎందుకు పాడుచేసుకుంటావని.

చూశారా? మన హెడ్మాస్టరుగారు అన్నదీ ఇదే.

ఆ వేసవి సెలవుల్లో స్టీఫెన్ ఈసారి తన సొంత కథనే నాలుగు డజన్ల కాపీలు వేసి అమ్మాడు. నాలుగైదు తప్ప అన్నీ పోయాయి. ఈసారి డబ్బు చేతిలోనే మిగిలింది. కానీ ఆ ప్రిన్సిపాల్ మాట మనసులోంచి పోలేదు. నలభై ఏళ్ళు వచ్చేదాకా తాను రాసేదాన్ని గురించి సిగ్గుపడుతూనే ఉన్నానని పెద్దయ్యాక తన ఆత్మకథలో రాసుకున్నారు. అప్పటికి ఆయన పుస్తకాలు దేశదేశాల్లో అమ్ముడవుతున్నాయి! ఎనిమిది పేజీల కథకి పడ్డ చీవాటు, పాతికేళ్ళు గుచ్చుకుంటూనే ఉంది. పెద్దవాళ్ళం నోరు జారితే ఎంత దూరం పోతుందో చూడండి.

పత్రికలకి పంపిన కథలు తిరుగుటపాలో వచ్చేవి. ఆ తిరస్కారం చీటీల్ని గోడకి మేకు కొట్టి గుచ్చేవాడు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి ఆ మేకు బరువు ఆపలేకపోయింది. మేకు తీసి పెద్ద సీల కొట్టి మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు.

ఇక ఇల్లాలి సంగతి. 1971లో టబితాని పెళ్ళి చేసుకున్నారు. ఆయన లాండ్రీలో హోటళ్ళ బల్లగుడ్డలూ, ఆస్పత్రి దుప్పట్లూ ఉతికారు. తర్వాత స్కూల్లో ఇంగ్లీషు మేష్టారయ్యారు. ఆవిడ డోనట్ల కొట్లో పనిచేసింది. ఇద్దరు పిల్లలు. చక్రాలమీద ఇల్లు. బిల్లు కట్టలేక టెలిఫోను తీసేయించుకున్నారు. బట్టలుతికే గదిలో, పిల్లలు రాసుకునే చిన్న బల్ల తొడలమీద పెట్టుకుని, భార్య టైపు మిషను మీద ఆయన కథలు కొట్టేవారు.

అలా మొదలెట్టిన ఒక కథలో, తోటి పిల్లలు ఎగతాళి చేసే ఒక అమాయకురాలు స్కూల్లోనే పెద్దమనిషి అవుతుంది. ఏం జరుగుతోందో తెలియక హడిలిపోతుంది. మూడు పేజీలు రాసి, ఆడపిల్లల బతుకు నాకేం తెలుసని ఉండచుట్టి చెత్తబుట్టలో పారేశారు. సాయంత్రం బుట్ట ఖాళీ చెయ్యబోయిన టబితా ఆ కాగితాలు తీసి, సిగరెట్ బూడిద దులిపి, చేత్తో సాపు చేసి చదివింది. తర్వాతేమైందో చెప్పమంది. నీకు తెలియని సంగతులు నేను చెప్తాను, రాయమంది. ఆ కథే 'క్యారీ' నవల, 1974లో వచ్చింది. మొదటి ముద్రణకి రెండున్నర వేల డాలర్లు. తర్వాత చవక ప్రతుల హక్కులు నాలుగు లక్షల డాలర్లకి పోయాయి. అందులో సగం ఆయనది. పావలాలిచ్చిన తల్లి మాత్రం పుస్తకం బయటికి రాకముందే కాన్సరుతో పోయింది. అయితే మంచంమీద ఉండగా తోబుట్టువు చదివి వినిపించిందట. అంతవరకూ నయం.

అంత పెద్ద రచయిత అయ్యాక కూడా ఆయన సొంతంగా అచ్చు వేసుకునే సరదా మానలేదు. ఇంటి తరఫున ఒక చిన్న ప్రచురణ సంస్థ పెట్టుకున్నారు. కూతురు నయోమీకి నాన్న రాసే దెయ్యాల కథలంటే గిట్టదు. ఆ పిల్ల కోసమని రాజులూ డ్రాగన్లూ ఉన్న కథ రాసి 1984లో తామే 1,250 ప్రతులు వేశారు. ఇంకో కథ ఉంది. నవల తిప్పికొట్టారని ఒకడు ప్రచురణకర్తల ఆఫీసుకి రక్తం మరిగిన మొక్కని పంపుతాడు. గోడమీద సీల గుర్తొచ్చిందా? దాన్ని మొదట 1982 నుంచి క్రిస్మస్ కానుకగా చిన్న పుస్తకాలు వేసి స్నేహితులకి పంచారు. 2000లో ఇంటర్నెట్‌లో భాగాలుగా పెట్టి, చదివినవాళ్ళు నమ్మకం మీద డాలరు చొప్పున ఇమ్మన్నారు. మొదట బాగానే ఇచ్చారు, పోనుపోను ఎగ్గొట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆరు భాగాలతో ఆపేశారు. ఆ కథ ఇప్పటికీ పూర్తి కాలేదు.

సరే, ఎందుకండీ ఈ భయం రాతలు, మంచి కథలు రాయొచ్చుగా అంటారేమో. ఒకప్పుడు మన ఊళ్ళలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. భయం వేసినప్పుడు మనం చేసింది ఏవిటి? సుద్దముక్క తీసుకుని రాశాం. రాశాక నిద్రపట్టింది. 'తులసిదళం' సీరియల్ వచ్చినప్పుడు దుప్పటి ముసుగులో వణుకుతూనే వచ్చే వారం పత్రిక కోసం ఎదురుచూశాం. మనింటి నిజమైన భయాలు, అప్పూ, జబ్బూ, ఒంటరితనం, ఇవి పేజీ మూసేస్తే పోవు. కథలో భయం పోతుంది. అందుకే మనిషికి ఆ కథ కావాలి. ఊహించుకున్న భయాలు నిజం భయాల్ని తట్టుకోడానికే అన్నది కింగ్ కూడా చెప్పిన మాటే. తండ్రి ఏ రాత్రీ తిరిగి రాని ఇంట్లో పెరిగిన పిల్లాడు తలుపు చప్పుడు గురించి రాయక ఇంకేం రాస్తాడు చెప్పండి?

ఇక మీ ప్రశ్నకి జవాబు. అవునమ్మా, నోట్సు కాల్చడం తప్పే. కానీ దిద్దుకోలేని తప్పు కాదు. వాడు స్టీఫెన్ కింగ్ అవుతాడని నేను అనడం లేదు. నూటికి తొంభైమంది కారు, అవ్వక్కర్లేదు కూడా. ఒక మంచి లాంగ్‌బుక్ కొని వాడి బల్లమీద పెట్టండి. లెక్కల టైములో లెక్కలే, స్కూల్లో అమ్మకాలు వద్దు అని గట్టిగానే చెప్పండి. ఆ తర్వాత, కాల్చేసిన కథ ఏవిటో చెప్పమని అడగండి. మీరు కూరలు తరుగుతూ ఉండండి, వాడు పక్కన కూర్చుని చెప్తాడు. మొదటి రోజు చెప్పకపోవచ్చు. మర్నాడు మళ్ళీ అడగండి.

ఒక్క మాట జాగ్రత్తగా వినండి. ఆ తలుపు తట్టే చెయ్యి ఎవరిదో కూడా మెల్లిగా అడగండి. ఒక్కోసారి పిల్లలు నోటితో చెప్పుకోలేనిది దెయ్యం చేత చెప్పిస్తారు. స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో, ఇంట్లో పెద్దవాళ్ళ గొడవలు విని బెదిరాడేమో తెలిసేది అక్కడే. ఉత్త సరదాయే అయితే మరీ మంచిది, మీకు ఒక కథ మిగుల్తుంది.

కథ పూర్తయ్యాక మీ పోపులడబ్బాలోంచి పది రూపాయలు తీసి వాడి చేతిలో పెట్టండి. స్కూల్లో వెనక్కి ఇచ్చేసిన డబ్బు అది. అమ్మ చేతిమీదుగా వస్తే దాని విలువ వేరు.

ఏం జరిగిందో నాకు ఉత్తరం రాస్తారు కదూ?