రంగం వెళ్లినవాళ్లకు రోహింగ్యా పరాయివాడా?

2017 సెప్టెంబరులో హైదరాబాదు సభలో మజ్లిస్ పార్టీ నాయకుడు అసదుద్దీన్ ఒవైసీ కేంద్రాన్ని ఒక ప్రశ్న అడిగారు. బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ మీకు చెల్లెలు కాగలిగినప్పుడు రోహింగ్యాలు తమ్ముళ్లు ఎందుకు కాలేరని. రోహింగ్యాలను గుర్తించి వెనక్కి పంపాలని కేంద్ర హోంశాఖ అంతకు నెల ముందే రాష్ట్రాలకు రాసింది. దేశంలో వాళ్లు 40 వేల మంది ఉంటారని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఆ ఆగస్టు చివర్లోనే మయన్మార్ సైన్యం రఖైన్ ప్రాంతంలోని రోహింగ్యాల పల్లెల మీద పడింది, కొద్ది నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఇంత ఘోరం కళ్లముందు జరుగుతుంటే మన దగ్గర చర్చంతా ఒవైసీ చుట్టూ తిరిగింది. ఆయనవాళ్లు చప్పట్లు కొట్టారు, కానివాళ్లు ఓటుబ్యాంకు అన్నారు. ఆయన అడిగినదానికి జవాబు వెతికినవారు తక్కువ.

ఓటుబ్యాంకు అన్నవారి అనుమానం ఊరికే పుట్టలేదు. 2007 ఆగస్టు 9న ఇదే తస్లీమా తన పుస్తకం తెలుగు అనువాదం ఆవిష్కరణకు హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌కు వస్తే, ఆమె మీద దాడి చేసినవారిలో మజ్లిస్ ఎమ్మెల్యేలు ఉన్నారు. సొంత దేశం వెళ్లే వీల్లేక మన దేశంలో తలదాచుకున్న మనిషి ఆమె. ఆ రోజు ఆ పార్టీకి శరణార్థి గుర్తుకు రాలేదు. అలాగే తస్లీమా కోసం గొంతెత్తినవారిలో చాలామందికి రోహింగ్యా పేరు వినగానే జాలి ఆవిరైపోతుంది. 2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో పాతబస్తీలోని రోహింగ్యాలను తరమడానికి సర్జికల్ స్ట్రైక్ చేస్తామని అప్పటి రాష్ట్ర బీజేపీ అధ్యక్షుడు బండి సంజయ్ ప్రకటించారు. నగర శివారు బాలాపూర్ గుడిసెల్లో చెత్త ఏరుకుని, కూలికి పోయి బతికే కొన్ని వేల మంది ఒక నగర ఎన్నికకు అంశమయ్యారు. నాయకుల చిత్తశుద్ధిని ఎంతైనా శంకించవచ్చు. మన శంక వల్ల రఖైన్‌లో తగలబడిన ఊరు తగలబడనట్టు అయిపోదు.

ఈ విషయంలో తెలుగువాళ్లం తీర్పు చెప్పే ముందు ఒకసారి వెనక్కి చూసుకోవాలి. మయన్మార్‌లోని రంగూన్‌ను మన పెద్దలు రంగం అనేవారు. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి వేలాదిగా ఓడలెక్కి రంగం వెళ్లి రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరుతోనే అక్కడివాళ్లు మనవాళ్లను 'కోరంగీలు' అని తక్కువ చేసి పిలిచారు. 1931 నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. అంతకు ఏడాది ముందు, 1930 మేలో, రేవు కూలీల సమ్మె అల్లర్లకు దారితీసి ఎంతోమంది తెలుగు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాన్ బాంబులకు భయపడి లక్షల మంది భారతీయులు అడవుల వెంట నడిచివచ్చారు, దారిలో రాలిపోయినవారికి లెక్కే లేదు. 1962లో నేవిన్ సైనిక పాలన వచ్చాక దుకాణాలను జాతీయం చేయడంతో మిగిలినవారిలో చాలామంది కట్టుబట్టలతో తిరిగొచ్చారు. అదే నేవిన్ ఏలుబడిలో 1982లో వచ్చిన పౌరసత్వ చట్టమే రోహింగ్యాలను ఏ దేశానికీ చెందనివాళ్లుగా చేసింది.

మనవాళ్లు సొంత గడ్డకు వచ్చారు, వీళ్లు పరాయి దేశస్థులు కదా అనవచ్చు. నిజమే. మనవాళ్లను తరిమినప్పుడు తిరిగి రావడానికి ఒక దేశం ఉంది. వీళ్లకు అదీ లేదు, కాబట్టి ఈ తేడా వాళ్ల మొరను మరింత బలపరుస్తుంది. భద్రత మాటేమిటన్నది గట్టి ప్రశ్న. దొంగ ఆధార్ కార్డులు, పాస్‌పోర్టులు సంపాదించిన రోహింగ్యాలను పోలీసులు పట్టుకున్న కేసులు ఉన్నాయి, అలాంటివాళ్లకు శిక్ష పడాల్సిందే. అయితే నేరం చేసినవాడికి పడాల్సిన శిక్ష పసిపిల్లతో వచ్చిన తల్లికి పడకూడదు. రాజ్యాంగం 21వ అధికరణ ప్రాణరక్షణ గురించి చెప్పేటప్పుడు 'పౌరుడు' అనలేదు, 'వ్యక్తి' అంది. 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాలను తిరిగి పంపడాన్ని ఆపడానికి నిరాకరించినప్పుడు కూడా, నిర్ణీత పద్ధతి ప్రకారం తప్ప పంపకూడదని చెప్పింది.

కొల్లేటి ప్రాంతంలోని మన కలిదిండికి బాలాపూర్ దూరమే, రఖైన్ ఇంకా దూరం. కానీ 'రోహింగ్యా' అన్న మాట తిట్టుగా మారాక అది దూరాన ఆగదు. బెంగాలీ యాసలో మాట్లాడే ఏ కూలీ మీదైనా పడుతుంది. చేపలు, రొయ్యల పనికి ఒడిశా, బెంగాల్ నుంచి మనుషులు వచ్చే ఈ కొల్లేటి ప్రాంతంలో ఆ సంగతి పట్టించుకోవాలి. భారతదేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, సొంత చట్టమూ చేసుకోలేదు. అందుకే ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో ఆనాటి రాజకీయ గాలి తేలుస్తోంది. కాంగ్రెస్ ఎంపీ శశి థరూర్ లోక్‌సభలో పెట్టిన శరణార్థుల ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. ఓట్లడగడానికి వచ్చే ఎంపీ అభ్యర్థిని, ఆయన ఏ పార్టీవాడైనా సరే, అలాంటి చట్టానికి ఓటేస్తావా అని అడగండి.